గేజికి బొట్టు

నేను తిరుపతిలో ఒక మందుల షాపులో పనిచేస్తాను. సిరప్పు సీసా మూత మీద ఉండే గీతను వేలితో చూపించి, ఇంతవరకే పోయండి, ఎక్కువైతే బిడ్డ పగలంతా నిద్రపోతుంది అని చెప్పడం నా ఉద్యోగంలో సగం. అందరూ తలూపుతారు. ఇంటికి పోయి చేతికందిన చెంచాతో పోస్తారు. మర్నాడు వచ్చి మందు పనిచేయలేదని నామీదే ఎగురుతారు. గీతకు విలువివ్వని మనుషుల మధ్య బతుకుతున్నానని నాకు ఎప్పటినుంచో లోపల్లోపల ఒక మంట. అందుకే మొన్నటి దసరాకు ముందు తమ్ముడు ఫోన్ చేసి, అక్కా, ఇంజనుకు గీతలు పెట్టాలి, పండగకు కాస్త ముందే రమ్మని పిలిచినప్పుడు, అడగాల్సిన మనిషినే అడిగాడనిపించింది. షాపులో సెలవు చెప్పేసి సంతోషంగా బస్సెక్కాను.

మా ఊరు పూతలపట్టు నుంచి లోపలికి పోవాలి. నాయనది చెరకు సేద్యం. చెరకును చెరకుగా అమ్మడు. గానుగ ఆడించి, బెల్లం వండి చిత్తూరు మండీకి తోలుతాడు. గానుగ మాదే గానీ దాన్ని తిప్పే ఇంజను మాత్రం చాలా ఏళ్లుగా పక్క ఊరివాళ్లది. వాళ్ల చెరకు అంతా అయిపోయాకే మా వంతు. అప్పటికి మా తోటలో చెరకు ముదిరి, రసం తగ్గి, బెల్లం నల్లబడేది. మా తమ్ముడు ఏర్పేడు దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల పని చేస్తూ ఉన్నవాడు, అది మానేసి ఊరికొచ్చాడు. మనకు మన ఇంజను ఉంటే బెల్లం తెల్లగా వస్తుందన్నాడు. కొనే దారి లేదు కాబట్టి తయారుచేశాడు.

తయారుచేశాడంటే, ఏరుకొచ్చి అతికించాడని అర్థం. ఇంజను ఒక పాత వ్యానుది. దాని అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, చాంబర్ అంటారు, అది పగిలిపోయి ఉంటే ఇంకో పెద్ద బండి చాంబర్ తెచ్చి, కోసి, వెల్డింగ్ చేసి కింద బిగించాడు. ఆ చాంబర్లో ఆయిల్ ఎంతుందో దించి చూసుకునే సన్నటి కడ్డీ ఉంటుంది, మావాళ్లు గేజి అంటారు. అది చిత్తూరు పాతసామాన్ల అంగట్లో దొరికింది. అది ఏ బండిదో అమ్మినవాడికీ తెలియదు.

నిరుడు ఆ ఇంజనుతోనే గానుగ మొదలుపెట్టారు. మొదటి పెనంలో రసం పాకానికి వచ్చే వేళకి ఇంజను కీచుమని అరిచి పట్టేసింది. గేజి మీదున్న గీత ప్రకారం ఆయిల్ నిండుగా ఉంది. కానీ ఆ గీత వేరే బండి కోసం పెట్టినది. ఈ చాంబర్‌కు దానితో ఏ సంబంధమూ లేదు. లోపల ఆయిల్ అడుగంటింది, బేరింగులు అరిగి అతుక్కుపోయాయి. మిగిలిన చెరకు మళ్లీ పక్క ఊరి ఇంజను దయతోనే గానుగెక్కింది.

అప్పుడు నాయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని తమ్ముడు ఇప్పటికీ అంటాడు. నెమ్మదిగా ఒక మాట చెప్పాడట: "వచ్చే తూరి గూడా ఇట్లే నిలిచిపోతే సెరుకు దున్నేసి మామిడి నాటేస్తా. నువ్వు మళ్లా డూటీకి పోదువులే." మామిడికి నీళ్లు పెట్టడానికి ఇంట్లో ఇద్దరు మగవాళ్లు అక్కర్లేదు. తమ్ముడు ఫ్యాక్టరీలో ఉన్న రోజుల్లో ఇంటికొస్తే మంచానికి అడ్డంపడి నిద్రపోయేవాడు, తిండి కూడా ఎవరో తరుముతున్నట్టు తినేవాడు. బెల్లం వండే చోట వాడు ఈలలేస్తాడు. వాడు మళ్లీ అటు పోవాల్సి వస్తుందేమోనన్న దిగులు నాకు ఏడాదంతా ఉంది. పైకి మాత్రం, ఏమిరా మెకానిక్కూ అని ఎగతాళి చేస్తూ వచ్చాను.

నేను వెళ్లేసరికి ఇంజనుకు కొత్త బేరింగులు పడి, రంగు కూడా వేసి ఉంది. చాంబర్ మాత్రం ఇంకా బిగించలేదు. తమ్ముడు దాన్ని గానుగ పక్కన ఇంజను కూర్చునే సిమెంటు దిమ్మె మీదే పెట్టాడు. బెల్టు సరిగ్గా పట్టడం కోసం ఆ దిమ్మెను ఒక పక్కకు రవంత వాలుగా కట్టారు. ఇంట్లో చదునైన నేల మీద కొలిస్తే ఇక్కడికి వచ్చాక కొలత తప్పుతుందని, ఇంజను ఏ వాలులో తిరుగుతుందో ఆ వాలులోనే కొలవాలని వాడి పట్టు. నిరుడు తిన్న దెబ్బకి వాడికి ఒళ్లంతా జాగ్రత్త వచ్చేసింది.

ఇంజను లోపల తిరిగే క్రాంకు ఎంత కిందికి వస్తుందో ఇనుప స్కేలుతో కొలిచి, చాంబర్ లోపలి గోడ మీద సుద్దతో గీశాడు. ఆయిల్ అంతకంటే పైకి రాకూడదు. వస్తే క్రాంకు దాన్ని కవ్వం పెట్టి చిలికినట్టు చిలుకుతుంది, నురుగు తేలుతుంది. ఆయిల్ పీల్చే జల్లెడ చాంబర్ అడుగున ఉంటుంది. అంతకంటే కిందికి పోనూ కూడదు. పోతే నిరుటి కథే. ఈ రెంటి నడుమ ఎంత పడుతుందో తెలియడానికి ముందు నీళ్లు పోసి చూద్దామన్నాను. కొలతకు వంటింట్లోంచి లీటరు చెంబు తెచ్చాను. అమ్మ చూసి, ఆ చెంబు మళ్లీ వంటింటి గడప తొక్కితే ఒప్పుకోనని అక్కడికక్కడే చెప్పేసింది.

నేను పోస్తుంటే వాడు వంగి సుద్దగీత చూస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఉన్నాడు. షాపులో నా మాట ఒక్కరూ వినరు. ఇక్కడ ఒక మనిషి నా చెంబు అంచునే కళ్లప్పగించి చూస్తున్నాడు. నాకు భలే హాయిగా ఉంది. కింది హద్దుకు ఎన్ని చెంబులో, పై హద్దుకు ఎన్నో ఇద్దరం నోటికి వచ్చేదాకా వల్లెవేశాం. తర్వాత నీళ్లు పారబోసి, చాంబర్ని ఎండలో పెట్టి, పాత పంచెతో చుక్క తడి లేకుండా తుడిచి, ఇంజనుకు బిగించాం.

అప్పుడు అసలు ఆయిల్. ముందు కింది హద్దుకు సరిపడా పోసి, కొంచెంసేపు ఆగి, గేజి దించి తీశాం. ఆయిల్ తడి ఎక్కడిదాకా ఉందో అక్కడ ఒక గుర్తు. తర్వాత మిగతాది పోసి, ఫిల్టర్‌లోకి పోవాల్సింది పోయేలా ఇంజను కాసేపు తిప్పి, ఆపి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, లోపలి ఆయిలంతా కిందికి దిగిందనుకున్నాక మళ్లీ దించి తీశాం. అక్కడ రెండో గుర్తు. పాత బండి గీతను తమ్ముడు ముందే ఆకురాయితో రాసి చెరిపేశాడు.

కొత్త గుర్తుల్ని కూడా ఆకురాయితో కోసెయ్యమన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఒకసారి కోస్తే మళ్లీ పూడ్చలేం, మొదటి వంట దాటనీ, అప్పుడు కోస్తాను అన్నాడు. సరే అని నా హ్యాండ్‌బ్యాగులోంచి గోళ్లరంగు తీశాను. ఎర్రది, పండగకని కొన్నది. రెండు చుక్కలు పెట్టాను. కడ్డీని గుడ్డతో తుడిచాం గానీ జిడ్డు పూర్తిగా పోయినట్టు లేదు. అయినా ఆరాక చూస్తే ఎర్రగా చక్కగా కనిపించాయి. ఇంజను సుమంగళిలాగా ఉందని తమ్ముడితో అన్నాను. గోళ్లరంగు సీసాను ఇంజను షెడ్డు కిటికీలోనే మరిచిపోయాను.

ఆయుధపూజ నాడు పొద్దున్నే మా అత్తగారు తిరుపతి నుంచి దిగారు. ఆవిడ గురించి ముందే చెప్పాలి. మా మామగారు కొండమీది ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అత్తగారికి మాత్రం రిటైర్మెంట్ లేదు. మా ఇంట్లో గ్రైండరుకు నామం, ఫ్రిజ్జుకు నామం, గ్యాసు సిలిండరుకు నామం. సిలిండరు మారినప్పుడల్లా కొత్త నామం. ఇంటర్నెట్ డబ్బా పెట్టి పోయిన కుర్రాడు మళ్లీ రిపేరుకు వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోవాలా వద్దా అని నన్ను అడిగాడు. నామానికి కావాల్సిన తెల్లటి తిరుమణి, ఎర్రటి శ్రీచూర్ణం పెట్టుకునే చిన్న ఇత్తడి డబ్బా లేకుండా ఆవిడ ఊరి పొలిమేర దాటదు. మనిషి మంచిది, చేతులు ఊరికే ఉండవు.

వచ్చీరాగానే నడుముకు చెంగు దోపి, ఇంట్లో ఉన్న ఇనుమంతా నా ముందు పెట్టండి అన్నారు. మా వైపు ఆయుధపూజ అంటే పనిముట్లను చింతపండూ బూడిదా పెట్టి కొబ్బరిపీచుతో తోమి, కడిగి, ఆరబెట్టి, అరిటాకు మీద వరసగా పేర్చి బొట్లు పెట్టడం. పూజ అయ్యాక ఆ రోజుకి వాటిని ఎవరూ ముట్టుకోరు, పని చేయించరు. తమ్ముడు అరటి పిలకలకూ బూడిద గుమ్మడికాయకూ పూతలపట్టు పోయాడు. నాయన తోటలో చెరకు కొట్టిస్తున్నాడు. నేను వాకిట్లో ముగ్గు మీద ఉన్నాను. వెనక గోలెం దగ్గర అత్తగారు కొడవళ్లూ స్పానర్లూ గడ్డపారా తోముతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పాపం పెద్దావిడ ఎంత కష్టపడుతోందో అనుకున్నాను.

సాయంత్రం పూజ ఘనంగా జరిగింది. ఇంజను నుదుటి మీద బారెడు నామం. మూడు బండ్ల ముక్కలు కలిసిన ఇంజను ఆ పూట వైష్ణవం పుచ్చుకుంది. అరిటాకు మీద కొడవళ్ల పక్కన గేజి కూడా ఉంది, తళతళా మెరుస్తోంది. దాన్ని ఊడదీశారేమిటని మొదట కంగారుపడ్డాను గానీ, ఎర్రచుక్కలు రెండూ ఉన్నాయి కదా అని సర్దుకున్నాను. ఇంజనులో గేజి పోయే రంధ్రానికి దుమ్ము పడకుండా అత్తగారు శుభ్రమైన గుడ్డ కూడా కుక్కి పెట్టారు. ఇంత పద్ధతైన మనిషి ఇంకెక్కడా దొరకదనుకున్నాను.

మర్నాడు విజయదశమి. పొద్దున్నే మంచి వేళ చూసి మొదలుపెట్టాలి. కొట్టిన చెరకు గానుగ పక్కన గుట్టగా పడి ఉంది. చెరకు కొట్టాక ఆగకూడదు, ఎండ తగిలేకొద్దీ పులుస్తుంది. పొయ్యి కూడా ముట్టించేశారు. తమ్ముడు స్నానం చేసి వచ్చి, దండం పెట్టుకుని, గేజి దించి తీసి చూశాడు. వాడి ముఖం మారిపోవడం నేను చూశాను. ఆయిల్ కింది చుక్కకు కూడా అందడం లేదు.

ఎక్కడో కారిపోయిందన్నమాట. వాడు దిమ్మె కిందికి దూరి చూశాడు. నేను సెల్లు లైటు పట్టాను. ఒక్క చుక్క కూడా కారిన జాడ లేదు. ఫిల్టర్ తాగిందేమో అన్నాడు. ఇంత తాగుతుందా అన్నాను. అంతలో నాయన ఆ పక్కనుంచి, ఇంకా ఏందిరా అని కేకేశాడు. వాడు ఇక ఆలోచించలేదు. కింది చుక్క దాటి, పై చుక్కకు సరిగ్గా వచ్చేదాకా కొత్త ఆయిల్ పోశాడు. పోస్తున్నప్పుడు నాకు మనసులో ఏదో పీకుతూనే ఉంది. మేం వల్లెవేసిన చెంబుల లెక్క ఎక్కడికి పోయిందని. కానీ చుక్కలు ఎదురుగా ఉన్నాయి. నేనే పెట్టిన చుక్కలు.

ఇంజను మొదట బాగానే అందుకుంది. గానుగ తిరిగింది, చెరకు లోపలికి పోయింది, రసం గాడిలో పడి పారింది. నాయన ముఖంలో కొంచెం వెలుగు కూడా వచ్చింది. అంతలో పొగ మొదలైంది. నీలం పొగ, కళ్లు మండేంత. ఇంజను పైమూత పక్కనున్న గొట్టంలోంచి ఆయిల్ నురుగు బుసబుసా పొంగి, అత్తగారి నామం మీదుగా కిందికి జారింది. ఇంజను గొంతు పట్టుకున్నట్టు మూలుగుతోంది. తమ్ముడు పరుగున పోయి ఆపేశాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయి, పొయ్యిలో చెరకు పిప్పి చిటపటలాడడం ఒక్కటే వినిపించింది.

నాయన చెరకు గుట్ట వైపు చూశాడు. జేబులోంచి సెల్లు తీసి, పక్క ఊరి ఇంజను వాళ్ల నంబరు కోసం వెతకడం మొదలుపెట్టాడు. తమ్ముడు గేజి బయటికి లాగి, ఇంజను మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ దుఃఖం వచ్చింది. ఏడాదిగా వాడు చేతులు కాల్చుకుంటూ చేసిందంతా నా కళ్లముందే పొగైపోతోంది, నేను పెట్టిన గుర్తుల్ని నమ్మి.

ఆ సమయంలో అత్తగారు హారతి పళ్లెంతో వచ్చారు. పొగ ఎక్కడిదని అడగలేదు. హోమం అనుకున్నారేమో. తమ్ముడి చేతిలో గేజిని చూసి ముఖం విప్పారింది. చూశారా, నూనెలో మునిగినా నా బొట్టు చెక్కుచెదరలేదు అన్నారు.

"మీ బొట్టేంది అత్తా?" అన్నాను.

"నువ్వు పెట్టిన సుక్కలు తోమంగానే రాలిపోయినాయి పాపా. శ్రీచూర్ణం పెడితే నూనెలో నిలవదని ఆ కిటికీలో ఉండే గోళ్లరంగుతోనే మళ్లా పెట్టినా. అయినా నువ్వు పెట్టింది అడుగున. పాదాల కాడ ఎవురన్నా బొట్టు పెడతారా? రవంత పైకి జరిపినా."

రవంత అంటే రెండు వేళ్లు. తోమి, కడిగి, జిడ్డు లేకుండా ఆరబెట్టిన కడ్డీ మీద పెట్టారు కాబట్టి ఆవిడ చుక్కలు గట్టిగా పట్టాయి. జిడ్డు మీద పెట్టిన నావి పీచు తగలగానే పోయాయి. ఆయిల్ ఎక్కడికీ పోలేదు. మొదట మేం కొలిచి పోసినంతా లోపల చక్కగా ఉంది. మేమే దాని మీద ఇంకా పోసి, క్రాంకు మునిగేలా చేశాం.

గీతకు విలువివ్వని మనుషుల మీద నేను ఇన్నేళ్లు కోప్పడ్డాను. విలువ ఎక్కువైపోయి దానికి మంచి చోటు చూసి పెట్టిన మనిషిని ఏమనాలో నాకు తెలియలేదు. ముందు నవ్వింది తమ్ముడే. దిమ్మె పక్కన కూలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, గేజిని నాకు చూపిస్తూ నవ్వాడు. తర్వాత నేను. వంటింట్లోంచి అమ్మ వచ్చి, విషయం విని, పమిట నోట్లో కుక్కుకుంది. అత్తగారు మాత్రం హారతి పళ్లెం పట్టుకుని, ఏం తప్పు మాట అన్నానో చెప్పి నవ్వండి అని నిలదీస్తున్నారు. చెప్పాక ఆవిడ కొంచెం చిన్నబుచ్చుకున్నారు. అంతలోనే తేరుకుని, అసలు ఇనుముకు బొట్టు పెట్టింది ముందు నువ్వే కదా, దేనికి పెట్టావో చెప్పొద్దా అని నన్నే దబాయించారు. అదీ నిజమే.

నాయన సెల్లును ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. ఆయన నవ్వలేదు. ఎక్కువైన ఆయిల్ తీసేస్తే ఇంజనుకు ఏమీ కాదా అని తమ్ముణ్ని అడిగాడు. వెంటనే ఆపేశాను కాబట్టి ఏమీ కాదన్నాడు వాడు. పొయ్యి ఆరకముందే కానీయమని చెప్పి, సెల్లు జేబులో వేసుకున్నాడు.

ఆయిలంతా గంగాళంలోకి దించి, వడగట్టి, మా లెక్క ప్రకారం చెంబుతో కొలిచి మళ్లీ పోశాం. ఈసారి చుక్కల్ని చూడలేదు. ఇంజను మొదట కాసేపు నీలంగా దగ్గి, తర్వాత తేటపడింది. దడదడమని ఒకే తీరుగా తిరగడం మొదలుపెట్టాక తమ్ముడు పక్కన నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. కాసేపటికి ఈల వేశాడు. మధ్యాహ్నానికి పెనం దిగింది. బెల్లం మా ఇంట్లో చాలా ఏళ్లుగా చూడనంత తెల్లగా, లేత పసుపులో వచ్చింది. మొదటి ముద్దను అత్తగారి చేతిలో పెట్టాం. ఆవిడ కళ్లకద్దుకుని, దేవుడికి పెట్టి, ఇంజను నామాన్ని మళ్లీ దిద్దారు. గేజి జోలికి పోలేదు.

భోజనాలయ్యాక, ఇంజను చల్లారాక తమ్ముడు గేజి తుడిచి, దించి, తీశాడు. ఆయిల్ తడి ఎక్కడుందో గోరు పెట్టి పట్టుకుని, ఆకురాయి అందించమని నన్ను అడిగాడు. నేను అందించేలోపు నాయన అందుకున్నాడు. ఆ ఇంజను వచ్చిన దగ్గర్నుంచి ఆయన దాని పనిముట్టు ఒక్కటి కూడా చేత్తో ముట్టలేదు.

ఎక్కడ అని అడిగాడు. తమ్ముడు గోరు తీయకుండా చూపించాడు. నాయన కడ్డీని మోకాలి మీద ఆనించుకుని, ఆకురాయి పెట్టి రాశాడు. సన్నటి గీత పడింది. చాలు నాయనా, కనిపిస్తోంది అన్నాడు తమ్ముడు.

నాయన దాన్ని బొటనవేలితో తడిమి చూశాడు. "ఇది ఎన్నేండ్లు నిలవాలరా?" అన్నాడు.

తమ్ముడు నావైపు చూశాడు. "అది నువ్వే సెప్పాల నాయనా" అన్నాడు.

నాయన ఆకురాయిని మళ్లీ అదే గీతలో ఆనించి, ఇంకా లోతుగా కోయడం మొదలుపెట్టాడు.